హెచ్‌డీ స్మార్ట్ టీవీ: పెట్టె విప్పడం నుంచి బొమ్మ సరిచేయడం దాకా వరుసగా చేయాల్సిన పనులు

తక్కువ ధర హెచ్‌డీ స్మార్ట్ టీవీ కొన్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవి మూడు ప్రశ్నలు. బొమ్మ ఎందుకు అలికినట్టు ఉంది? వీడియో ఎందుకు ఆగి ఆగి వస్తోంది? కొన్ని నెలలకే టీవీ ఎందుకు నెమ్మదించింది? మూడింటికీ మూలం చాలావరకు మొదటి రోజు అమర్చిన తీరులోనే ఉంటుంది. అందుకే ఇక్కడ పనుల వరుస ముఖ్యం. యాప్‌ల కంటే ముందు అప్‌డేట్, అప్‌డేట్ కంటే ముందు నెట్, నెట్ కంటే ముందు టీవీని పెట్టే చోటు.

1. మీ టీవీ హద్దులు ముందే తెలుసుకోండి

పెట్టె మీది పెద్ద అక్షరాలను వదిలేసి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న వివరాల పట్టిక చదవండి. అందులో చూడాల్సినవి ఇవి:

• ప్యానెల్ రిజల్యూషన్: 1366×768 అని ఉంటే అది హెచ్‌డీ రెడీ. 1920×1080 అయితే ఫుల్ హెచ్‌డీ. మొదటిదాంట్లో సుమారు 10.5 లక్షల పిక్సెళ్లు, రెండోదాంట్లో 20.7 లక్షలు.
• ర్యామ్, స్టోరేజ్: ఈ తరగతి టీవీల్లో 1 జీబీ ర్యామ్, 8 జీబీ స్టోరేజ్ మామూలు. ఆ 8 జీబీలో చాలా భాగాన్ని టీవీ సాఫ్ట్‌వేరే తీసుకుంటుంది.
• వైఫై: 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమేనా, 5 గిగాహెర్ట్జ్ కూడా ఉందా?
• హెచ్‌డీఎంఐ పోర్టులు ఎన్ని, వాటిలో ఏది ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని సౌండ్‌బార్‌కు పంపే పోర్టు)?
• లాన్ పోర్టు (నెట్ కేబుల్ పెట్టేది), ఆప్టికల్ ఆడియో అవుట్ ఉన్నాయా?

‘1080పీ సపోర్ట్’ (1080పీ అంటే 1920×1080 బొమ్మ, 720పీ అంటే 1280×720) అన్న మాట దగ్గర చాలామంది పొరబడతారు. టీవీ ఆ సిగ్నల్‌ను తీసుకుంటుందని మాత్రమే దానర్థం. ప్యానెల్ 1366×768 అయితే వచ్చిన బొమ్మను ఆ కొలతకు కుదించే చూపిస్తుంది. ‘హెచ్‌డీఆర్’ (వెలుగు, చీకటి తేడాలను మరింత బాగా చూపే పద్ధతి) సంగతీ అంతే. బ్యాక్‌లైట్‌కు తగినంత వెలుగు లేనప్పుడు హెచ్‌డీఆర్ సిగ్నల్ అందినా బొమ్మ మెరుగుపడదు, కొన్నిసార్లు ఇంకా చీకటిగా కనిపిస్తుంది. ఈ తరగతిలో హెచ్‌డీఆర్‌ను లెక్కలోకి తీసుకోకపోవడమే మంచిది.

ఎంత దూరం నుంచి చూస్తారన్నది కూడా తేల్చుకోండి. 32 అంగుళాల తెర వెడల్పు సుమారు 71 సెంటీమీటర్లు. 1366 పిక్సెళ్ల తెరను దాదాపు 1.8 మీటర్ల నుంచి చూస్తే మామూలు కంటిచూపుకు పిక్సెళ్లు విడివిడిగా కనబడవు. అదే సైజు ఫుల్ హెచ్‌డీ తెరకు 1.3 మీటర్లు చాలు. మంచం పక్కనో, బల్ల మీదో మీటరు దూరంలో పెట్టుకునేవాళ్లకు ఫుల్ హెచ్‌డీ తేడా కనిపిస్తుంది. రెండున్నర మీటర్ల దూరంలో కూర్చునేవాళ్లకు కనిపించదు.

2. పెట్టె విప్పేటప్పుడు

టీవీని రెండు పక్క అంచుల దగ్గర పట్టుకుని ఎత్తండి. తెర మీద అరచేయి ఆనించకూడదు. బయటికి గీత పడకపోయినా లోపలి ప్యానెల్ పగలొచ్చు. చల్లని చోటు నుంచి వెచ్చని గదిలోకి తెస్తే రెండు గంటలు ఆగి ప్లగ్ పెట్టండి, లోపల పట్టిన చెమ్మ ఆరుతుంది.

గోడకు బిగించకముందే ఈ పరీక్షలు చేయండి. బిగించాక లోపం బయటపడితే అంతా విప్పాల్సి వస్తుంది.

• తెల్ల, నల్ల, ఎర్ర, ఆకుపచ్చ, నీలి రంగులు నిండుగా ఉన్న 5 ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో వేసి ఒక్కొక్కటీ తెర మీద చూడండి. చనిపోయిన పిక్సెల్ ఉంటే చుక్కలా కనిపిస్తుంది.
• నల్ల ఫొటో పెట్టి గది చీకటి చేయండి. మూలల నుంచి కొద్దిగా వెలుగు కారడం ఈ తరగతిలో మామూలే. ఒకచోట దీపం పెట్టినంత తెల్లగా ఉంటే మార్పించుకోండి.
• ప్రతి హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ పోర్టులో ఏదో ఒకటి పెట్టి చూడండి.
• రెండు స్పీకర్లూ మోగుతున్నాయేమో వినండి.

పెట్టె, థర్మాకోల్ ముక్కలు మార్పిడి గడువు ముగిసేదాకా పారేయవద్దు.

3. ఎక్కడ, ఎంత ఎత్తులో

తక్కువ ధర ప్యానెళ్లు ఎదురుగా బాగుంటాయి, కింద నుంచో పక్క నుంచో చూస్తే రంగు వెలిసిపోతుంది. టీవీని పైకెక్కించి బిగించినవాళ్లు ‘బొమ్మ పాలిపోయింది’ అంటారు. ఆ పాలిపోవడం కోణం వల్ల వచ్చింది, సెట్టింగులతో పోదు. కూర్చున్నప్పుడు కళ్లుండే ఎత్తుకు, అంటే నేల నుంచి దాదాపు 100–110 సెంటీమీటర్లకు, తెర మధ్యభాగం రావాలి. 32 అంగుళాల తెర ఎత్తు సుమారు 40 సెంటీమీటర్లు కాబట్టి కింది అంచు 80–90 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. అంతకన్నా పైన పెట్టక తప్పదంటే ముందుకు వంగే బ్రాకెట్ తీసుకోండి.

గోడ బ్రాకెట్ కొనే ముందు టీవీ వెనకున్న నాలుగు స్క్రూ రంధ్రాల మధ్య దూరం కొలవండి. 100×100, 200×100, 200×200 మిల్లీమీటర్లు ఈ సైజులో ఎక్కువగా కనిపించే కొలతలు. స్క్రూ మందం ఎం4 లేదా ఎం6, అంటే 4 లేదా 6 మిల్లీమీటర్లు. పొడవు మాత్రం టీవీ మాన్యువల్‌లో చెప్పినంతే ఉండాలి. పొడవు ఎక్కువైన స్క్రూను బలవంతంగా తిప్పితే లోపలి బోర్డుకో ప్యానెల్‌కో తగులుతుంది. అది మరమ్మతుకు లొంగని దెబ్బ.

కిటికీకి ఎదురుగా పెట్టకండి. వెనక 5–10 సెంటీమీటర్ల ఖాళీ వదలండి, గాలి ఆడుతుంది, కేబుళ్లు వంగకుండా ఉంటాయి. ఇంకొక మాట: పోర్టులు నేరుగా గోడవైపు తిరిగి ఉంటే బిగించకముందే హెచ్‌డీఎంఐ కేబుళ్లు పెట్టేయండి. తర్వాత చెయ్యి దూరదు.

4. కేబుళ్లు కలపడం

సెట్‌టాప్ బాక్సును ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల కేబుల్‌తో కలిపితే హెచ్‌డీ టీవీలోనూ పాత రకం బొమ్మే వస్తుంది. ఆ కేబుల్ హెచ్‌డీని మోయదు. హెచ్‌డీఎంఐతో కలిపి, బాక్స్ సెట్టింగుల్లోకి వెళ్లి రెండు మార్చండి: అవుట్‌పుట్ 1080ఐ లేదా 720పీ, తెర ఆకారం 16:9. కేబుల్ మార్చి ఈ రెండూ మార్చనివాళ్లు చాలామంది ఉంటారు, మనుషులు అడ్డంగా సాగినట్టు కనిపించేది అందుకే.

సౌండ్‌బార్ ఉంటే ఏఆర్‌సీ అని రాసి ఉన్న పోర్టును దానికే వదలండి.

టీవీ యూఎస్‌బీ 2.0 పోర్టు మామూలుగా 500 మిల్లీఆంపియర్ల కరెంటే ఇస్తుంది. పెన్‌డ్రైవ్‌కు అది సరిపోతుంది. తిరిగే హార్డ్ డిస్కుకూ, స్ట్రీమింగ్ స్టిక్‌కూ (హెచ్‌డీఎంఐలో పెట్టి యాప్‌లు చూసే చిన్న పరికరం) చాలా సార్లు సరిపోదు. స్టిక్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంటే దాని సొంత అడాప్టర్‌తో కరెంటివ్వండి.

5. మొదటిసారి ఆన్ చేశాక: ఈ వరుస తప్పకండి

1) భాష, ప్రాంతం ఎంచుకోండి. ప్రాంతం తప్పుగా పెడితే కొన్ని యాప్‌లు స్టోర్‌లో కనిపించవు.
2) ‘స్టోర్ మోడ్’, ‘హోమ్ మోడ్’ అని అడిగితే హోమ్. స్టోర్ మోడ్‌లో బ్యాక్‌లైట్ పూర్తి స్థాయిలో ఉంటుంది, మీరు మార్చిన సెట్టింగులు తిరిగి మొదటికొస్తాయి.
3) నెట్ కలపండి.
4) తేదీ, సమయం సరిచూడండి. ఆటోమేటిక్‌లో ఉంచండి.
5) సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి. రీస్టార్ట్ అయ్యాక ఇంకోసారి వెతకండి, కొన్ని టీవీల్లో అప్‌డేట్లు రెండు మూడు విడతలుగా వస్తాయి.
6) అప్పుడు ఖాతాలో లాగిన్, ఆపైన యాప్‌లు.

నాలుగో మెట్టును చిన్నచూపు చూడొద్దు. టీవీలో తేదీ తప్పుగా ఉంటే సురక్షిత వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు చెల్లనట్టు కనిపిస్తాయి. వైఫై కలిసినట్టే ఉంటుంది, ఏ యాపూ తెరుచుకోదు. రౌటర్‌ను, నెట్ కంపెనీని అనుమానిస్తూ గంటలు గడిపేవాళ్లకు పరిష్కారం చాలాసార్లు ఈ ఒక్క మెట్టులో దొరుకుతుంది.

అప్‌డేట్ నడుస్తున్నప్పుడు ప్లగ్ తీయకూడదు. కరెంటు పోయే సూచన ఉంటే వాయిదా వేయండి. మధ్యలో ఆగితే టీవీ లోగో దగ్గరే నిలిచిపోవచ్చు.

మొదటి సెటప్‌లో వచ్చే అనుమతుల పేజీలను గబగబా ఒప్పుకోకండి. మీరు తెర మీద ఏం చూస్తున్నారో గుర్తించి ప్రకటనలకు వాడుకునే అనుమతి వాటిలో ఉండొచ్చు. ‘వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్’, ‘ఇంటరెస్ట్ బేస్డ్ యాడ్స్’ వంటి పేర్లతో ఉంటుంది. దాన్ని కాదన్నా టీవీ పనులేవీ ఆగవు.

6. వైఫై: ఎక్కువ చిక్కులు ఇక్కడే

స్ట్రీమింగ్‌కు కావాల్సిన వేగం తక్కువే. 720పీకి 3 ఎంబీపీఎస్, 1080పీకి 5 ఎంబీపీఎస్ స్థిరంగా అందితే చాలు. 5 ఎంబీపీఎస్ అంటే గంటకు దాదాపు 2.25 జీబీ డేటా. ఇంట్లో 100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్నా వీడియో ఆగుతోందంటే, ఆ వేగం టీవీ దాకా చేరడం లేదని అర్థం.

వీలైతే లాన్ కేబుల్ వేయండి. ఈ టీవీల లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే అయినా హెచ్‌డీకి కావాల్సినదానికి ఎన్నో రెట్లు ఎక్కువ. కేబుల్ వేసిన రోజుతో సగం ఫిర్యాదులు పోతాయి.

కేబుల్ కుదరకపోతే రౌటర్‌లో ఇవి చూడండి:

• టీవీకి 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే ఉంటే 5 గిగాహెర్ట్జ్ పేరు జాబితాలో కనిపించదు. రెండు బ్యాండ్లకూ వేర్వేరు పేర్లు పెడితే గందరగోళం ఉండదు.
• 2.4లో ఛానెల్ 1, 6, 11లలో ఒకటి ఎంచుకోండి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. ఈ మూడు ఛానెళ్లే ఒకదానిమీద ఒకటి పడవు. 12, 13 ఛానెళ్లను కొన్ని టీవీలు అసలు చూడవు.
• వైఫై భద్రత పద్ధతి డబ్ల్యూపీఏ3 మాత్రమే అని ఉంటే పాత వైఫై చిప్ కలవదు. డబ్ల్యూపీఏ2 లేదా రెండూ కలిసిన మోడ్ పెట్టండి.
• ఫోన్ హాట్‌స్పాట్ కనిపించకపోతే ఫోన్‌లో హాట్‌స్పాట్ బ్యాండ్‌ను 2.4కి మార్చండి.

రౌటర్‌ను సరిగ్గా టీవీ వెనకే దాచిపెట్టేవాళ్లున్నారు. టీవీ వెనకభాగంలో లోహపు రేకు ఉంటుంది, అది సిగ్నల్‌ను అడ్డుకుంటుంది. అర మీటరు పక్కకు, కొంచెం పైకి జరపండి. యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్కులు, మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.4 బ్యాండ్‌ను చెడగొడతాయి. రోజూ ఒకే సమయానికి వీడియో ఆగుతుంటే ఆ సమయంలో ఇంట్లో ఏం ఆన్ అవుతోందో గమనించండి.

5 గిగాహెర్ట్జ్ ఉన్న టీవీ అయితే, రౌటర్ అదే గదిలోనో పక్క గదిలోనో ఉన్నప్పుడు 5 వాడండి. రెండు గోడలు దాటితే 2.4 మేలు.

ఫోన్ నుంచి టీవీకి కాస్టింగ్ పనిచేయాలంటే రెండూ ఒకే రౌటర్ నెట్‌వర్క్‌లో ఉండాలి. ఒకటి గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉన్నా, రౌటర్‌లో ‘ఏపీ ఐసోలేషన్’ (పరికరాలు ఒకదానికొకటి కనిపించకుండా చేసే సెట్టింగు) ఆన్‌లో ఉన్నా ఫోన్‌కు టీవీ కనిపించదు.

7. యాప్‌లు: తక్కువ పెట్టుకోండి

1 జీబీ ర్యామ్ టీవీని ఫోన్‌లా వాడితే మొరాయిస్తుంది. రోజూ చూసే నాలుగైదు యాప్‌లు ఉంచి మిగతావి తీసేయండి. తీయడానికి వీల్లేని కంపెనీ యాప్‌లకు ‘డిజేబుల్’ ఉంటే అది నొక్కండి. స్టోరేజ్‌లో కనీసం 1 జీబీ ఖాళీ ఉండాలి. అంతకన్నా తగ్గితే అప్‌డేట్లు ఆగిపోతాయి, యాప్‌లు తెరుచుకుని మూసుకుపోతాయి.

స్టోర్‌లో యాప్ లేదని బయటి నుంచి ఫోన్ యాప్ తెచ్చి వేస్తే అది రిమోట్ బాణాలకు స్పందించకపోవచ్చు, మౌస్ కలపాల్సి వస్తుంది. పైగా సర్టిఫికేషన్ లేని టీవీల్లో కాపీ రక్షణ స్థాయి తక్కువ కాబట్టి చందా కట్టిన యాప్ కూడా 480పీ దగ్గరే ఆపేస్తుంది. వైడ్‌వైన్ అనే కాపీ రక్షణ పద్ధతిలో ఎల్3 స్థాయి ఉన్న టీవీలో ఇదే జరుగుతుంది, ఎల్1 కావాలి. నెట్ వేగం ఎంత పెంచినా ఇది మారదు. కాబట్టి మీకు కావాల్సిన యాప్‌లు ఆ మోడల్‌కు అధికారికంగా ఉన్నాయో లేదో కొనేముందే చూసుకోండి.

నెలకోసారి చేయాల్సినవి:

• ఎక్కువగా వాడే యాప్‌ల క్యాష్ (తాత్కాలికంగా దాచుకున్న ఫైళ్లు) తుడవండి. ‘క్లియర్ డేటా’ నొక్కితే లాగిన్ పోతుంది, ‘క్లియర్ క్యాష్’ చాలు.
• ప్లగ్ తీసి ఒక నిమిషం ఆగి పెట్టండి. రిమోట్‌తో ఆపితే టీవీ స్టాండ్‌బైలోకి వెళుతుందంతే, ర్యామ్ ఖాళీ కాదు.

8. బొమ్మ సరిచేయడం

ఇది ఆఖరున, టీవీ ఆన్ చేసి అరగంట అయ్యాక, మీరు మామూలుగా చూసే వెలుతురులో చేయాలి. మనుషుల ముఖాలు, చీకటి దృశ్యం, తెల్ల దుస్తులు మూడూ ఉన్న మంచి హెచ్‌డీ వీడియో ఒకటి పెట్టుకోండి.

1) పిక్చర్ మోడ్: ‘వివిడ్’ నుంచి ‘మూవీ’కి, లేదంటే ‘స్టాండర్డ్’కి మార్చండి. వివిడ్ షాపు వెలుగులో మెరవడానికి చేసినది, ఇంట్లో ముఖాలు ఎర్రబారతాయి. మూవీ మోడ్ మొదట పసుపుగా అనిపిస్తుంది. రెండు రోజులు అలాగే ఉంచి అప్పుడు నిర్ణయించుకోండి.

2) అంచులు: ఛానెల్ లోగో, కింద పరిగెత్తే వార్తల పట్టీ తెగి కనిపిస్తుంటే ఓవర్‌స్కాన్ (బొమ్మను కాస్త పెద్దది చేసి అంచులు కత్తిరించడం) ఆన్‌లో ఉంది. ఆస్పెక్ట్ మెనూలో ‘స్క్రీన్ ఫిట్’, ‘జస్ట్ స్కాన్’, ‘డాట్ బై డాట్’లలో ఉన్నది ఎంచుకోండి. బొమ్మ పదును ఒక్కసారిగా పెరగడం చూస్తారు.

3) బ్యాక్‌లైట్: గది వెలుగుకు తగ్గట్టు మార్చాల్సింది దీన్నే. రాత్రికి తగ్గించండి, పగలు పెంచండి.

4) బ్రైట్‌నెస్: చాలా టీవీల్లో ఇది నలుపు స్థాయిని మారుస్తుంది. చీకటి దృశ్యంలో నల్ల జుట్టు పోగులు కనబడేదాకా పెంచండి, నలుపు బూడిదరంగులోకి మారబోయే ముందు ఆపండి. కొన్ని బ్రాండ్లలో బ్రైట్‌నెస్ అంటేనే బ్యాక్‌లైట్. అక్కడ నలుపును ‘బ్లాక్ లెవెల్’, ‘షాడో డీటెయిల్’ అనే వాటితో మార్చాలి.

5) కాంట్రాస్ట్: తెల్ల చొక్కా మడతలు కనబడుతున్నంతవరకే పెంచండి.

6) షార్ప్‌నెస్: దీన్ని పెంచితే స్పష్టత వస్తుందని చాలామంది నమ్ముతారు. లేని గీతలను అంచుల చుట్టూ గీయడమే అది చేసే పని. సబ్‌టైటిల్ అక్షరాల చుట్టూ తెల్లటి అంచు పోయేదాకా తగ్గించండి. కొన్ని టీవీల్లో సున్నా సరైనది, కొన్నింట్లో సున్నా పెడితే బొమ్మ మెత్తబడుతుంది. అక్షరాలు చూసి నిర్ణయించండి, అంకె చూసి కాదు.

7) డైనమిక్ కాంట్రాస్ట్ ఆఫ్. లేకపోతే దృశ్యం మారినప్పుడల్లా వెలుగు ఊగిసలాడుతుంది. నాయిస్ రిడక్షన్ హెచ్‌డీకి ఆఫ్, పాత ఛానెళ్లకు ‘లో’.

8) ఎకో, పవర్ సేవింగ్: బొమ్మ ఉన్నట్టుండి చీకటయ్యే ఫిర్యాదుల వెనక ఎక్కువగా ఉండేది ఇదే. ముందు ఆఫ్ చేసి మిగతావి సరిచేసుకోండి.

ఈ సెట్టింగులు ప్రతి హెచ్‌డీఎంఐ పోర్టుకూ, యాప్‌లకూ విడివిడిగా నిలవొచ్చు. ఒకచోట మార్చాక మిగతా చోట్లా చూసుకోండి. కుదిరాక మెనూను ఫోన్‌తో ఫొటో తీసి ఉంచండి, ఫ్యాక్టరీ రీసెట్ తర్వాత పనికొస్తుంది.

9. ధ్వని

సన్నని టీవీల స్పీకర్లు కిందికో వెనక్కో మోగుతాయి. మాటలు వినబడకపోతే వాల్యూమ్ పెంచేముందు సౌండ్ మోడ్‌ను ‘స్పీచ్’ లేదా ‘న్యూస్’కు మార్చండి, సరౌండ్ ఆపండి.

సౌండ్‌బార్‌ను ఏఆర్‌సీతో కలిపితే టీవీలోనూ బార్‌లోనూ సీఈసీ (హెచ్‌డీఎంఐతో కలిపిన పరికరాలు ఒకదాన్నొకటి నడిపే సౌకర్యం) ఆన్‌లో ఉండాలి. అది ఆఫ్‌లో ఉండటమే ‘కలిపినా శబ్దం లేదు’ అనడానికి మొదటి కారణం. ధ్వని పెదవుల కంటే ఆలస్యంగా వస్తుంటే ఆడియో డిలేను సున్నా చేసి, డిజిటల్ అవుట్‌పుట్‌ను పీసీఎంకు (కుదించని మామూలు ధ్వని) మార్చండి. ముందుగా వస్తుంటే డిలేను కొద్దికొద్దిగా పెంచండి. బ్లూటూత్ స్పీకర్లలో ఆలస్యం సహజం, సినిమాలకు వైర్ మంచిది.

10. పెన్‌డ్రైవ్‌లో సినిమా ఆడకపోతే

• ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు. టీవీ చదవగలిగితే ఎన్‌టీఎఫ్‌ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్ వాడండి.
• బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే ఫైల్‌లో డీటీఎస్ ఆడియో ఉండొచ్చు, చాలా టీవీలకు దాని లైసెన్సు ఉండదు.
• శబ్దం వచ్చి బొమ్మ రాకపోతే 10 బిట్ హెచ్.265 వీడియో అయి ఉండొచ్చు. హెచ్.264 ఫైల్ దాదాపు అన్నింట్లో ఆడుతుంది.
• సబ్‌టైటిల్ ఫైల్‌కు సినిమా ఫైల్ పేరే పెట్టండి. తెలుగు అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వస్తే దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి యూటీఎఫ్-8గా సేవ్ చేయండి.

11. తరచూ వచ్చే చిక్కులు

రిమోట్ పనిచేయకపోతే: ఫోన్ కెమెరా ముందు రిమోట్ కొన పెట్టి బటన్ నొక్కండి. ఫోన్ తెర మీద ఊదారంగు వెలుగు మిణుకుమంటే రిమోట్ బాగానే ఉంది, టీవీ సెన్సర్‌కు ఏదో అడ్డుండొచ్చు. కొన్ని ఫోన్ల వెనక కెమెరా ఆ వెలుగును వడగట్టేస్తుంది కాబట్టి ముందు కెమెరాతోనూ చూడండి. వాయిస్ బటన్ మాత్రమే పనిచేయకపోతే బ్లూటూత్ జత విడిపోయింది, సెట్టింగుల్లో రిమోట్‌ను మళ్లీ జతచేయండి.

ల్యాప్‌టాప్ కలిపితే అక్షరాలు అలికినట్టుంటే: 1366×768 ప్యానెల్‌కు 1080పీ పంపితే చిన్న అక్షరాలు చెదురుతాయి. టీవీ ఆ పోర్టులో 1366×768ను ఒప్పుకుంటే అదే పెట్టండి. లేకపోతే 720పీ పెట్టి, ఇన్‌పుట్ పేరును ‘పీసీ’గా మార్చి, ఓవర్‌స్కాన్ తీసేయండి.

లోగో దగ్గర ఆగిపోతే: ప్లగ్ తీసి, యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ అన్నీ పీకేసి 5 నిమిషాల తర్వాత ఆన్ చేయండి. వస్తే ఒక్కొక్కటీ తిరిగి కలుపుతూ దేనివల్ల ఆగుతోందో పట్టుకోవచ్చు. రాకపోతే మాన్యువల్‌లో చెప్పిన బటన్‌తో ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి, లాగిన్లు అన్నీ పోతాయి.

యాప్‌లు మీ మోడల్‌కు రావడం ఆగిపోతే: టీవీ మార్చాల్సిన పని లేదు. తెర ఇంకా బాగుందంటే హెచ్‌డీఎంఐలో స్ట్రీమింగ్ స్టిక్ పెట్టండి. దాని డిస్‌ప్లే సెట్టింగుల్లో 1080పీ 60 హెర్ట్జ్ లేదా 720పీ ఎంచుకుని హెచ్‌డీఆర్ ఆపండి. టీవీ సొంత వైఫై తీసేసి, ఆన్ చేయగానే ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌కే వెళ్లేలా పెట్టుకోండి.